ఎండాకాలం బట్టలు

ఎల్లేశం కుట్టిన చొక్కా చంక దగ్గర పిగిలిందని అమీర్‌పేటలో ఎవరూ తిరిగి తెచ్చి ఇచ్చిన దాఖలా లేదు. అంత నెమ్మదైన కుట్టు, మనిషి కూడా అంతే నెమ్మది. సిద్దిపేటలో తండ్రి మగ్గం మీద బతికితే, కొడుకు పట్నం వచ్చి మిషను మీద బతికాడు. పంజగుట్ట రాళ్ళ మధ్య కట్టిన ఒక నవాబుగారి బంగ్లాలో అతనికి పని. పొద్దున పోయి వరండాలో కూర్చునేవాడు, పొద్దుగుంకేసరికి ఇల్లు చేరేవాడు. ఇంట్లో భార్య చంద్రావతి, ఆమె తల్లి బుచ్చవ్వ. పిల్లలు ఇద్దరు పుట్టారు గాని ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు.

రెండో ప్రపంచ లడాయి మొదలవడానికి ముందు సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజుల్లో, బంగ్లాలో ప్రయాణం మాట పుట్టింది. నవాబుగారికి ఆయాసం. గాలి మార్పు కావాలని డాక్టర్లు చెప్పారు. కుటుంబమంతా కాశ్మీరంలోని శ్రీనగర్‌కు పోయి, అక్కడ పెద్ద చెరువు ఒడ్డున ఇల్లు తీసుకుని ఉంటారు. వంటవాడు, ఆయా, దర్జీ వెంట రావాలి. దసరాకు తిరిగి వచ్చేస్తారు.

ఆ సంగతి ఇంట్లో చెప్పేటప్పుడు ఎల్లేశం సంతోషాన్ని దాచుకోలేకపోయాడు. వంటవాడు ఒకసారి చూసి వచ్చాడట. ఆ ఊళ్ళో ఒక కాలంలో ఆకు లేని కొమ్మలకు పూలే ఉంటాయట. తర్వాత చెరువు నిండా తామరలు. ఆ తర్వాత చెట్లు నిప్పంటుకున్నట్టు ఎర్రబడతాయట, ఆపైన లోకమంతా దూది ఏకి పోసినట్టు మంచు పడుతుందట. మన దగ్గర ఉన్నవి ఎండ, వాన, కొద్దిగా చలి, అంతే గదా అని నవ్వాడు. బియ్యం ఏరుతున్న చంద్రావతి చేతులు చేటలోనే ఆగిపోయాయి.

ఆమె భయానికి కారణం ఉంది. ఇరవై రెండేళ్ళ కింద ఆమె తండ్రి మొగిలయ్య నాలుగు నెలలకని షోలాపూర్ మిల్లుకు పోయాడు. అప్పుడు చంద్రావతికి ఐదేళ్ళు. వానకు గొంగడి, చలికి దుప్పటి, పండగకు ధోవతి, గుండీ తెగితే కుట్టుకోవడానికి సూదీ దారం, ఆఖరికి మామిడి తొక్కు జాడీ కూడా, అన్నీ తలుచుకుని తలుచుకుని సర్దింది బుచ్చవ్వ. ఆయన మళ్ళీ రాలేదు. అక్కడే ఇంకొక ఇల్లు పెట్టాడని పోయి వచ్చినవాళ్ళు చెప్పారు. ఏ కాలానికీ ఇల్లు యాదికి రాకుండా సర్ది పంపితే మనిషి ఎందుకు వస్తాడని బుచ్చవ్వ తన మీద తానే నవ్వుకునేది. ఆ నవ్వు విని పెరిగిన పిల్ల చంద్రావతి.

బంగ్లా మున్షీ నౌకర్లందరికీ చెప్పాడు. రైలు దిగాక రెండు రోజులు మోటారులో కొండలెక్కాలి కాబట్టి మనిషికి ఒక చిన్న రేకుపెట్టె, ఒక పరుపుచుట్ట, అంతకు మించి వద్దు. దర్జీ వెంట మిషను ఉంది గనుక అతనికి పరుపుచుట్ట కూడా వద్దు, ఒక్క దుప్పటి చాలు. దసరా లోపలే అక్కడ చలి మొదలవుతుందని విని ఎల్లేశం, బేగంసాబ్ అనుమతితో, బంగ్లా బట్టలు కుట్టగా మిగిలిన ఉన్ని ముక్కలన్నీ జతచేసి తనకొక కోటు కుట్టుకున్నాడు. రంగులు కలవకపోయినా కుట్టు కలిసింది. ఆ కోటు, ఒక గొంగడి, నాలుగు చొక్కాలు, రెండు ధోవతులు పెట్టమని భార్యకు చెప్పి, బయలుదేరే రోజు దాకా బంగ్లాలో ప్రయాణం బట్టలు కుడుతూనే ఉన్నాడు.

పెట్టె సర్దింది చంద్రావతి. చొక్కాలు పెట్టింది, ధోవతులు పెట్టింది. కోటు చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి కోటునూ గొంగడినీ జొన్నల గంప వెనక్కి తోసి, పైన గోనెసంచి కప్పింది. వెనక్కి తిరిగితే గడపలో తల్లి నిలబడి ఉంది.

"దర్జీ వానికి కోటు దాస్తవా పిచ్చిదానా," అంది బుచ్చవ్వ. "అక్కడ కుట్టుకోడా?"

"కుట్టుకుంటే కుట్టుకోనీ. కుట్టుకుంటే ఇంక రాడని ఎరికైతది గద."

బుచ్చవ్వ గడపలోంచి వెనక్కి తిరిగింది. అల్లుడికి మాత్రం చెప్పలేదు.

పోయే రోజు ఎల్లేశం పెట్టె పైకెత్తి చూసి, గాలి నింపినవా ఏందే అని వేళాకోళం చేశాడు. మిషను ఒక్కటే నడుము ఇరగ్గొడుతుంది, పెట్టె అయినా తేలిగ్గా ఉండనీ అని చంద్రావతి జవాబు చెప్పింది. అబద్ధం చెప్పినట్టు కాలేదు గదా అని ఆ పూటకు సరిపెట్టుకుంది. మార్కండేయ స్వామి పటం ముందు దీపం పెట్టి, పద్మశాలీల కులదైవానివి, మా ఇంటి మనిషిని మాకు తెచ్చియ్యి అని మొక్కింది. ఎల్లేశం నాంపల్లిలో రైలెక్కాడు.

ఉత్తరాలు నెలకొకటి వచ్చాయి. చంద్రావతికి చదువు రాదు. పక్క సందులో ఉండే నవోమి, మిషనరీ బడిలో టీచరు, చదివి చెప్పేది. నవోమి భర్త విజయరత్నం కూడా ఎల్లేశం దగ్గరే పాంటు కుట్టించుకునేవాడు గనుక ఉత్తరం వచ్చిందంటే వాళ్ళింట్లో కూడా పండగే. చెరువులో పడవల మీదే కూరగాయలు అమ్ముతారని, ఆ పడవల్లోనే పిల్లలు పుట్టి పెరుగుతారని, తామరకాడలు కూర వండుకుని తింటారని ఎల్లేశం రాశాడు. అన్నీ రాశాడు గాని పెట్టెలో కోటు లేదన్న ముక్క రాయలేదు. ప్రతి ఉత్తరం అయిపోయాక చంద్రావతి ఒకటే అడిగేది, చలి సంగతి ఏమైనా రాసిండా టీచరమ్మా అని. ఎండాకాలం ఉత్తరాల్లో చలి ఎందుకుంటుందని నవోమి నవ్వేది.

దసరా వచ్చింది, పోయింది. జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని ఒకరింటికొకరు పోయే రోజు, చంద్రావతి గడప దాటలేదు. ఆ వారంలోనే ఉత్తరం వచ్చింది. నవాబుగారికి అక్కడి గాలి బాగా పడిందట. శివరాత్రి దాకా అక్కడే ఉంటారట. నౌకర్లు కూడా ఉండాలి. చెట్లు ఎర్రబడ్డాయి, పొద్దున్నే చేతులు కొంకర్లు పోతున్నాయి, సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పడుతోంది అని కింద రాశాడు.

నవోమికి జాలి కలిగింది. "అన్నకు చలిబట్టలు ఉన్నయా చంద్రక్కా? లేకుంటే పార్సలు చేద్దాం. పదిరోజులల్ల పోతది."

"ఉన్నయి," అంది చంద్రావతి. ఈసారి చెప్పింది మాత్రం అబద్ధమే.

ఇంటికొచ్చి జొన్నల గంప ముందు కూర్చుంది. పార్సలు కట్టడం ఎంతసేపు పని. కడితే శివరాత్రి దాకా అతనికి అక్కడ లోటుండదు. శివరాత్రి తర్వాత మళ్ళీ పూలు పూసే కాలం వస్తుంది, ఆ పైన తామరల కాలం. ఇక కట్టకపోతే? చలికి ఓర్వలేక వచ్చేస్తాడు. చలి అంటే ఆమెకు తెలిసింది పుష్యమాసపు పొద్దున అమీర్‌పేట తోటల మీద పడే మంచు. కుంపటి రాజేసుకుంటే పోయే చలి. అంతకంటే పెద్ద చలి ఉంటుందని ఎవరు చెప్పినా ఆమె ఊహకు అందేది కాదు. నాలుగు రోజులు ఊగిసలాడింది. ఐదో రోజు ఇంకొక ఉత్తరం వచ్చింది. చలికి ఆగలేకపోతున్నానని, బేగంసాబ్ కాళ్ళు పట్టుకుని సెలవు అడిగానని, ఒప్పుకున్నారని, దీపావళి తర్వాత బయలుదేరుతున్నానని ఉంది అందులో.

ఆ రోజు చంద్రావతి సంతోషాన్ని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇల్లంతా అలికింది. నవోమి ఇంటికి బెల్లపన్నం తీసుకుపోయింది. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి, స్వామి మాట నిలబెట్టుకున్నాడని తల్లితో పదిసార్లు అంది. బుచ్చవ్వ, వచ్చినంక అను, అంది.

పున్నమి దాటిన మూడో రోజు, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మిషను ఒక కూలీ నెత్తి మీద ఉంది. పెట్టె ఎల్లేశం చేతిలో ఉంది గాని, నాలుగడుగులకొకసారి కింద పెట్టి దగ్గుతున్నాడు. ముఖం వాడిపోయి పెదవులు నల్లబడ్డాయి. అరుగు మీద కూర్చుని, నవ్వబోయి, మళ్ళీ దగ్గాడు.

సంగతి మెల్లమెల్లగా తెలిసింది. నౌకరొక్కడి కోసం మోటారు ఎవరు పెడతారు. పండ్ల లారీ మీద, ఆపిల్ పెట్టెల పైన కూర్చుని కనుమ దాటాడు. ఆ ఏడు మంచు ముందే పడింది. కనుమ మీద ఒక పగలూ ఒక రాత్రీ లారీ ఆగిపోయింది. తడికి మిషను తుప్పు పడుతుందని ఉన్న ఒక్క దుప్పటీ మిషనుకు చుట్టాడు. దర్జీ వాడు మరేం చేస్తాడు.

డిస్పెన్సరీ డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టి చూసి, రెండు ఊపిరితిత్తులకూ నెమ్ము చేరిందన్నాడు. మందులిచ్చాడు. చంద్రావతి ఛాతీకి ఆవపిండి పట్టు వేసింది, వామునీళ్ళు కాచింది, గంప వెనక ఉన్న కోటూ గొంగడీ తీసి అతని మీద కప్పింది. కప్పుతున్నప్పుడు ఎల్లేశం ఆ కోటు వంక చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. అతను అడిగి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

నెల రోజులు అట్లాగే గడిచాయి. ఒక రోజు కాస్త నయంగా ఉన్నట్టుండేది, మరుసటి రోజు జ్వరం తిరగబెట్టేది. ఒక పొద్దున గంజి తాగించి మూతి తుడుస్తూ ఆమె ఇంక ఆపుకోలేకపోయింది.

"నీ కోటు నేనే తీసి దాచిన."

"ఎరికే."

"ఎట్లెరిక?"

"కాజీపేటల పెట్టె తెరిసిన. అన్ని ఎండకాలం బట్టలే. మొదలు మస్తు కోపమొచ్చింది." ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడు. "తర్వాత నవ్వొచ్చింది. మా చంద్రికి చదువు రాదు, ఉత్తరం గిట్ల రాసింది అనుకున్న."

"మరి అక్కడ కుట్టుకోకపోతివా? ఎంత గుడ్డ నీ చేతుల మీద పోయి ఉంటది."

"పదిహేడు కోట్లు కుట్టిన. తునకలు మిగిలినయి. బేగంసాబ్ సుత కుట్టుకో అన్నది. కత్తిరిచ్చిన గూడ." అతను చూరు వైపు చూశాడు. "సూది పెట్టబోతే చెయ్యి ఆడలే. కుట్టుకుంటే రాననట్టే గద."

చంద్రావతి గంజి గిన్నె కింద పెట్టింది. ఆ రోజు గడపలో ఆ మాట తాను తల్లితో అన్నది. అతను వినలేదు, ఎవరూ చెప్పలేదు. అయినా పదిహేను వందల మైళ్ళ అవతల ఒక వరండాలో కూర్చుని అదే మాట తనంత తానుగా అనుకున్నాడు. తనను అంతగా ఎరిగిన మనిషిని, వస్తాడో రాడో అని అనుమానించింది తను.

"నువ్వు రాకున్నా మంచిగుండేది," అంది, ఏడుస్తూ.

"పిచ్చి మాటలు. నేను రావాల్నని రాలేదా ఏంది? ఫికర్ చెయ్యకు, జర దగ్గు తగ్గనియ్యి." అని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

దగ్గు తగ్గలేదు. ముక్కోటి ఏకాదశి పోయిన రెండో రోజు, తెల్లవారి ఎండ అరుగు మీదికి వచ్చే వేళకు ప్రాణం పోయింది. చూడవచ్చిన కులపెద్ద ఒకాయన, ముక్కోటినాడే పోయి ఉంటే తిన్నగా వైకుంఠానికి పోయేవాడని బాధపడ్డాడు. రెండు రోజులు ఆలస్యమైతే ఆ తలుపులు మూసేస్తారా అని చంద్రావతికి అడగాలనిపించింది. కనుమ మీద లారీ ఆగినట్టే, ఎక్కడో ఎవరో ఆపితే ఆలస్యమైన మనిషి గదా. కాని పెద్దమనిషిని అట్లా అడగకూడదని ఊరుకుంది.

పదో రోజు కర్మ అయిపోయింది. నవోమి వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు చంద్రావతి ఆమెకు అంతా చెప్పింది, కోటు సంగతి, పార్సలు దగ్గర ఆడిన అబద్ధం సంగతి. స్వామిని మనిషిని తెచ్చియ్యమని అడిగాను గాని ఎట్లా తెచ్చియ్యాలో అడగలేదు, అడగకపోవడం నా తప్పా అంది. మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకుంటే యముడు వెనక్కి పోయాడంటారు, నేను వాటేసుకుంటే వచ్చాడేమి అంది. నవోమి బైబిలు చదువుకున్న మనిషి, ఎవరికైనా ఒక వాక్యం చెప్పి ఓదార్చడం అలవాటైన మనిషి. ఆ రోజు మాత్రం నాకు తెలియదు చంద్రక్కా అని, పొద్దుపోయేదాకా కూర్చుని వెళ్ళింది.

తర్వాత ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. బుచ్చవ్వ రోజూ స్నానం చేయగానే కిటికీ దగ్గర చిన్న అద్దం ముందు నిలబడి నుదుట కుంకుమ పెట్టుకునేది. ఇరవై రెండేళ్ళుగా ఒక్క రోజు మానలేదు. ఇప్పుడు అద్దాన్ని లోపలి గదిలోకి, తలుపు వెనక్కి తీసుకుపోయి పెట్టుకుంటోంది. కూతురు చూడకూడదని. బిడ్డ ముందు మొగుడున్న దానిలా తిరగడానికి ఆమెకు సిగ్గుగా ఉంది. అందులోనూ ఏం మొగుడు. నీ మొగడు నీ కోసం వచ్చి నీ చేతుల్ల పోయిండు బిడ్డా అని ఒకసారి ఓదార్చబోయింది. తనకు అది కూడా లేదన్న మాట ఆ వెనకే నోటిదాకా వచ్చి ఆగింది.

తల్లి ఓదార్పుగా అన్న మాట గురించి చంద్రావతి చాలా రోజులు ఆలోచించింది. అన్నీ సర్ది పంపిన తల్లి మొగుడు ఎక్కడో బతికి ఉన్నాడు. చలిబట్టలు దాచి తాను పంపిన మొగుడు వచ్చి పోయాడు. ఇద్దరిలో ఎవరిది మంచి చెయ్యి అన్నది ఎంత ఆలోచించినా తెగలేదు.

మాఘమాసంలో ఒక పొద్దున బుచ్చవ్వ అద్దం పట్టుకుని తలుపు వెనక్కి పోతుంటే, చంద్రావతి లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి అద్దం తీసుకుంది. తెచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది.

"ఈడ వెలుతురున్నది, ఈడనే పెట్టుకో అవ్వా," అంది. "మా నాయిన ఏడున్నా సల్లగుండాలె."

బుచ్చవ్వ వేలు కుంకుమలో ముంచింది గాని, నుదుటి దాకా తేవడానికి చాలాసేపు పట్టింది. బొట్టు వంకరగా పడింది. చంద్రావతి కొంగుతో ఆ అంచు తుడిచి సరిచేసి, పొయ్యి రాజేయడానికి లోపలికి పోయింది.