అట్టముక్క దూరేంత సందు

ఎదుటి వరస బ్యూటీపార్లరు పిన్ని చెప్పిందని మా అక్క చెప్పింది: మా బిల్డింగు చూడ్డానికి వస్తున్న ఇంజనీరు మామూలు మనిషి కాదట, ఆ హీరోయినేనట. తొమ్మిది సినిమాలు చేసి, ఎవరినో నమ్మి ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుని, ఇప్పుడు సుత్తి పట్టుకుని కనపడిన గోడనల్లా కొట్టుకుంటూ తిరుగుతోందట. మొహమంతా మచ్చలట, అందుకే నెత్తిన హెల్మెట్టు, మూతికి గుడ్డా తియ్యదట. ఇవన్నీ పిన్నికి ఎలా తెలుసంటే, తెలియవు. తెలియకపోవడం పిన్నికి ఏనాడూ అడ్డం కాలేదు.

మాది మూడంతస్తుల పాత బిల్డింగు. అంతస్తుకి ఏడు వాటాలు, రైలుపెట్టెల్లా వరసగా. పై రెండంతస్తుల్లోనూ ఏడు గుమ్మాల ముందు, వీధివైపు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే వసారా. దాని కింద స్తంభాలు లేవు. గోడలోంచి నాలిక చాపినట్టు ముందుకి చాచి ఉంటుంది. మేముండేది పైఅంతస్తులో ఐదో వాటా. ముందుగదిలో నేనూ అక్కా రెండు మిషన్లు వేసుకుని బట్టలు కుడతాం.

ఓనరుకి పైన ఇంకో అంతస్తు వెయ్యాలని ఏడాదిగా కోరిక. దానికి బిల్డింగు గట్టిగా ఉందని ఇంజనీరు సంతకం కావాలి. వచ్చేది హీరోయినని తెలిసినప్పట్నించీ ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. ఆవిడ సంతకం పెట్టిన మేడంటే కొత్త వాటాలకి జనం ఎగబడి వస్తారని ఆయన లెక్క.

ఆవిడ తొమ్మిదింటికి వచ్చింది. బూట్లు, హెల్మెట్టు, మూతికి గుడ్డ, భుజాన సంచి. కళ్ళు చూస్తే ఆవిడే. నోరు విప్పగానే నేనూ అక్కా మొహమొహాలు చూసుకున్నాం. సినిమాల్లో చెవిలో వెన్న రాసినట్టుండే గొంతు. ఈవిడది నెల్లాళ్ళుగా జలుబు తగ్గని మేస్త్రీ గొంతు.

"ఆ గొంతు నాది కాదండీ," అంది మా మొహాలు చూసి. "తొమ్మిది సినిమాల్లోనూ నాకు గొంతిచ్చింది ఇంకొకావిడ. ఆవిడ ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. క్యూలో నించోమని కసురుతూంటే జనం ఎక్కడో విన్నామనుకుంటారట."

టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలంటే ఓనరు నన్ను చూపించాడు. "కుట్టుపిల్ల ఉందిగా. కొలతలు దీనికి కొట్టిన పిండి." ఆ మాట అనేసి, పదింటికల్లా వస్తానని హడావుడిగా వెళ్ళిపోయాడు.

మా వసారాలో, గుమ్మాల పొడుగునా, ఏడు వాటాల ముందూ ఒక సన్నటి బీట ఉంది. అక్క రోజూ తడిగుడ్డతో తుడిచే బీటే. ఇంజనీరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని దాని వెంబడే ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది.

"ఇది ఎప్పట్నించి ఉంది?"

"మేం దిగినప్పట్నించీ ఉంది," అంది అక్క. "వానాకాలం అందులోంచి చీమలొస్తాయి. ఓనరు రెండుసార్లు సిమెంటు పూయించాడు."

"చీమలు రావడం ఆగిందా?"

"లేదు."

ఆవిడ లేచింది. నన్ను తీసుకుని నడిమంతస్తు వసారాలోకి దిగింది. అక్కడ నిలబడితే మా వసారా అడుగుభాగం నెత్తిమీద కప్పులా ఉంటుంది. స్టూలెక్కి సుత్తితో తట్టింది. ఒకచోట ఠంగుమంది. గోడ దగ్గర మాత్రం తడిసిన డప్పులా చప్పుడు చచ్చిపోయింది. అక్కడ పెచ్చు ఊడగొట్టి, లోపల కనపడిన కడ్డీలని వేలితో తడిమి చూసింది.

"చెయ్యి చాపి బకెట్టు పట్టుకో," అంది దిగి వచ్చి. ఉత్తుత్తినే చాపాను. "ఎక్కడ లాగుతుంది?"

"భుజం మీద."

"చంక కింద కాదుగా. ఈ వసారా కూడా అంతే. బరువు పట్టే ఇనుము పైవైపు ఉండాలి. స్లాబు పోసిన రోజు పనివాళ్ళు కడ్డీల మీద నడిచి కిందికి తొక్కేశారు. ఎవరూ చూసుకోలేదు. ఇన్నేళ్ళూ సిమెంటు మొహమాటానికి పట్టుకుని నిలబడింది."

నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

సంచిలోంచి సన్నటి చెక్కబద్ద తీసి, నడిమి వసారా నేల మీద ఆనించి, మా వసారా అంచు కిందకి నిలబెట్టింది. బద్ద తలకీ పై అంచుకీ మధ్య చిన్న సందు వదిలింది. నోటుపుస్తకం అట్ట చించి ఆ ముక్కని సందులో పెట్టి లాగింది. గాలికి వచ్చినట్టు వచ్చేసింది.

"పైన ఎవరూ లేనప్పుడు ఇదీ సందు. నువ్వు ఈ అట్ట పెడుతూ తీస్తూ ఉండు. ఎక్కడైనా పట్టినట్టనిపిస్తే చెప్పు." తను గోడవైపు తిరిగి రాసుకోవడం మొదలుపెట్టింది.

నేను పెడుతూ తీస్తూ అడగాల్సింది అడిగేశాను. సినిమాలు ఎందుకు మానేశారండీ అని.

"ఒకప్పుడు నా పక్కన చేసిన హీరోకే నన్ను వదినని చేశారు. ఇంకో రెండేళ్ళుంటే వాళ్ళమ్మని చేసేవాళ్ళు. నేను చదివిందే ఇది. ఇందులో చేరి మూడు నెలలైంది. రెండు చోట్ల నన్ను చూడ్డానికి జనం పోగై పని చెడింది. ఇంకోసారి అలా అయితే బయటి పనికి పంపను, ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసుకో అన్నాడు మా బాసు."

అప్పుడే మెట్ల మీద చప్పుడు. ఒకరిద్దరిది కాదు. సంతకి వెళ్తున్నట్టు గుంపుగా, మాట్లాడుకుంటూ, మా పక్కనుంచే పైకి ఎక్కేస్తున్నారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు మోస్తున్నారు. అందరికంటే ముందు ఓనరు, చేతిలో పూలగుత్తి. "పని కానీ అమ్మా, పని కానీ. అయ్యాక పైకి రా. నలుగురూ నిన్ను చూస్తామంటే పిలిచాను."

నలుగురు కాదు, అరవై మంది. ఎదుటి వరసలో వాళ్ళు కూడా ఉన్నారు. పిన్ని తన పార్లరులో సగం జడలతో ఉన్నవాళ్ళని అలాగే లేవదీసుకొచ్చింది. నెత్తిమీద అడుగులు, కుర్చీలు ఈడుస్తున్న రొద. కప్పు లోంచి సున్నం రవ్వలు నా చేతి మీద రాలాయి.

అట్ట పట్టింది.

"అండీ," అన్నాను.

ఆవిడ వచ్చి లాగింది. గట్టిగా లాగితే వచ్చింది. మళ్ళీ పెట్టి లాగింది. ఈసారి రాలేదు. పైన పిట్టగోడ మీంచి తలకిందులుగా మొహాలు వేలాడుతున్నాయి, కింద ఉన్న ఈవిణ్ణి చూడాలని. అందరూ అంచునే ఉన్నారు, ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ.

ఆవిడ బయటికి వంగి అరిచింది. "అందరూ గదుల్లోకి వెళ్ళండి. వసారాలో నిలబడకండి."

పైన గొల్లున నవ్వు.

"ఇదేం గొంతు, ఈవిడ ఆవిడ కాదు."

"డూప్లికేటు సరుకు తెచ్చారండీ ఓనరు గారూ."

"గుడ్డ తియ్యమనండి, తేలిపోతుంది."

ఆవిడో కాదో తేల్చుకోవడానికి ఇంకా వంగారు. వెనకవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. చెక్కబద్ద నడుం దగ్గర కొద్దిగా వంగింది. విల్లులా కాదు, అంత కూడా లేదు. కానీ ఇందాక నిటారుగా ఉంది, ఇప్పుడు లేదు. పైన మా అక్క ఉంది.

"పడిపోతోందని అరుస్తాను," అన్నాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "అరిస్తే ఏంచేస్తారు?"

"మెట్లవైపు పరిగెత్తుతారు."

"ఏ దారిన?"

వసారా మీంచే. ఇంకో దారి లేదు. అరవై మంది ఒక్కసారి దాని మీద పరిగెత్తితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"షూటింగులో తాళ్ళు కట్టి ఆపేవాళ్ళు జనాన్ని," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "ఎప్పుడూ ఆగలేదు. మొహం ఎటుంటే అటే వచ్చేవాళ్ళు." తల తిప్పి నన్ను చూసింది. "మీ వాటాలకి వెనక కిటికీలున్నాయా?"

"అన్నిటికీ ఉన్నాయి. పెరట్లోకి."

"గుమ్మాలన్నీ తీసే ఉన్నాయా?"

"తీసే ఉన్నాయి."

ఆవిడ హెల్మెట్టు పట్టీ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో బాసు గుర్తొచ్చాడో ఏమో. తర్వాత పట్టీ ఊడదీసింది. "నేను పెరట్లోకి వెళ్తున్నాను. నువ్వు పైకి వెళ్ళు. గోడనే రాసుకుంటూ నడువు, అంచుకి వెళ్ళకు. వెనక నేను డాన్సు వేస్తున్నానని చెప్పు. వసారా ఖాళీ కాగానే గుమ్మాలు మూయించు. మూశాక కిటికీలోంచి టేపు ఊపు. అప్పటిదాకా ఆపను."

మెట్లెక్కాను. రోజూ చెప్పులు టపటపలాడిస్తూ తిరిగే వసారాలో కాలు పెట్టడానికి ధైర్యం చాల్లేదు. పెట్టాను. అరికాళ్ళలో సన్నటి అదురు, నడుస్తున్న మిషన్ మీద చెయ్యి పెట్టినట్టు. గోడకి వీపు ఆనించి ఒక్కో గుమ్మం దాటాను. అరవై మందికి చెప్పే పని పెట్టుకోలేదు. ఒక్క పిన్ని చెవిలో చెప్పాను.

"పిన్నీ, ఎవరికీ చెప్పకు. వెనక పెరట్లో, సినిమాలో వేసిన ఆ స్టెప్పు వేస్తోంది. గుడ్డ తీసేసింది."

"మచ్చలున్నాయా?" అంది పిన్ని.

"నువ్వే చూడు."

పిన్ని మా వాటాలోకి దూరింది. దూరుతూ ఇద్దరికి చెప్పింది. తర్వాత నేను చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. గట్టు తెగిన నీళ్ళలా జనం ఏడు గుమ్మాల్లోకి తోసుకుపోయారు. పిట్టగోడ దగ్గర బోసిపోయింది. ఎవరో కాలు తగిలి కుర్చీ పడితే నేను గోడకి ఇంకా అతుక్కుపోయాను.

ఓనరొక్కడే పూలగుత్తి పట్టుకుని అంచున నిలబడ్డాడు. "ఆవిడే ఇక్కడికి రావాలి. కుర్చీ వేశాను."

"అక్కడ వీడియోలు తీస్తున్నారు బాబాయ్ గారూ. మీరు లేకుండానే," అన్నాను. ఆయనా వెళ్ళాడు.

అక్క నా మొహం చూసింది. "గుమ్మాలు మూయించాలి," అన్నాను. తను ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి, ఒక్కో వాటాలోకి తొంగిచూసి లోపలి గడియ పెట్టించాం. ఆఖరికి మా గుమ్మం మేమే మూసుకుని కిటికీ దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాం.

కింద, ఆరేసిన దుప్పట్లకీ నీళ్ళ డ్రమ్ముకీ మధ్య, ఆవిడ డాన్సు వేస్తోంది. జుట్టు విప్పేసింది. చెయ్యి నడుం మీద పెట్టి, భుజం తిప్పుతూ, వెనక్కి వెనక్కి నడిచే ఆ స్టెప్పే. పాట లేదు, బూట్లు మట్టిలో దిగబడుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. జనం పాట పాడుతోందనుకుని ఈలలు వేశారు. నేను కళ్ళు చూశాను కాబట్టి నాకు తెలిసింది: కిటికీల్లో తలలు లెక్కపెడుతోంది.

టేపు ఊపాను. భుజం ఎక్కడుందో అక్కడే ఆపేసి, జుట్టు ముడేసి, హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది. జనం ఉసూరుమన్నారు. అప్పుడు చెప్పాం ఎవరూ బయటికి రావద్దని, ఎందుకు రావద్దో కూడా. సగం మంది నమ్మలేదు. గుమ్మానికి అడ్డంగా మా అక్క కుట్టుమిషన్ ఉంది కాబట్టి మా వాటాలో మాత్రం నమ్మినట్టే ఉన్నారు.

ఆవిడ వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర్నించి మేస్త్రీనీ దుంగలనీ తెచ్చి, కింది నేల మీంచి నడిమి వసారాకీ, అక్కణ్ణించి పై వసారాకీ కుంగకుండా కింద ఆనేలా పోట్లు పెట్టించేసరికి రెండు గంటలు పట్టింది. తర్వాత ఇద్దరిద్దరినీ గోడవెంట నడిపించి దింపింది. అందరూ దిగాక నేనొకసారి ఆ అట్టముక్క లాగి చూశాను. వచ్చింది కానీ తేలిగ్గా రాలేదు. బరువు దిగినా వసారా ఎంత లేవాలో అంత లేవలేదు.

అందరం వీధిలోనే ఉండిపోయాం. ఎండ మాడ్చేస్తోంది. ఓనరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పూలగుత్తి లేదు, ఫోనుంది.

"పైఅంతస్తు ఖాళీ చేయించాలని రాస్తావట?"

"ఇవాళే చేయించాలి," అందావిడ. "పైకి ఇంకో అంతస్తు మాట మర్చిపొండి."

"ఇదిగో, ఇదంతా తీశారు. మా పెరట్లో నువ్వు గెంతిన గెంతులు. మీ ఆఫీసుకి పంపిస్తాను. బిల్డింగు చూడమంటే డాన్సు చేసిపోయిందని చెప్తాను. నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండకపోవచ్చు."

"అరవై మంది ఎక్కారు. గంతులేశారు. పడిందా? ఒక్క పెచ్చైనా రాలిందా?" ఆయన జనంవైపు తిరిగాడు. "మీరు చెప్పండి. పడిందా?"

జనం వసారావైపు చూశారు. పడలేదు. మబ్బులేని ఆకాశం కింద, ఆరేసిన లంగాలతో సహా, రోజూ ఉన్నట్టే ఉంది. మాకు కూడా, నిజం చెప్పాలంటే, కాస్త సిగ్గేసింది. సాయంత్రానికల్లా సామాను ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఏడు వాటాలవాళ్ళం.

"పోనీలే అమ్మా," అంది పిన్ని, మధ్యలో దూరి. "పడనిదానికి గొడవెందుకు? పెద్దాయన అడుగుతున్నాడు. ఓ సంతకం పారేస్తే నీ సొమ్మేం పోయింది? ఆ వీడియో ఆయనా తీసేస్తాడు."

"తీసేస్తాను," అన్నాడు ఓనరు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. మేస్త్రీ గొంతుతో, పెద్దగా అరవకుండానే, అందరికీ వినపడేలా అంది:

"పోట్లు తీయిస్తాను. మీరొక్కరే ఎక్కి ఆ అంచున నిలబడండి."