ఊ అడిగే ఇంజన్

మా ఆయన మొగిలి నిద్రలో కూడా ఊ కొడతాడు. ఈ సంగతి పెళ్లయిన ఏడాదే కనిపెట్టాను. డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని, మధ్యాహ్నం పూట నులకమంచం మీద వాలేవాడు. నేను పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ కథ చెప్పేదాన్ని. కథ చెప్పకపోతే నాకు పొద్దు పోదు. మా అవ్వ నుంచి వచ్చిన జబ్బు అది.

ఒకరోజు అనుమానం వచ్చింది. "గా ఎద్దు బోథ్ సంతల పల్లీలు కొనుక్కొని తిన్నది" అన్నాను.

"ఊ" అన్నాడు.

"నీ కొత్త చెప్పులు పొయ్యిల పెట్టిన."

"ఊ."

చెంబెడు నీళ్లు ముఖాన కొట్టాను. కోపం రాదా మరి! ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నమాట. ఆయన మాత్రం తుడుచుకుంటూ, "విన్ననే, ఎద్దు గదా!" అన్నాడు. నా కథలన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట ఎద్దు ఉంటుందని ఆయనకు తెలుసు.

అప్పుడు మేం బెల్లంపల్లి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఎనభైల్లో సంగతి. ఆయన యార్డులో డబ్బాలు అటూ ఇటూ నెట్టే షంటింగ్ పని ఏళ్లకేళ్లు చేసి, తర్వాత బొగ్గు బండ్లు తోలి, చివరికి కాజీపేట పాసింజర్ మీదికి వచ్చాడు. పాసింజర్ డ్రైవర్ అంటే మాటలా! ప్లాట్‌ఫారం మీద జనం దారిచ్చేవాళ్లు. నన్ను కూడా "డ్రైవర్ రాజక్క" అనేవాళ్లు. ఆ పిలుపు నాకు మహా ఇష్టం, దాచడమెందుకు.

ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"కొత్త ఇంజనచ్చిందే. దాంట్ల ఒక మిషిన్ పెట్టిండ్రు. జరసేపటికోసారి ఎర్రలైటు ఎలుగుతది. ఎలిగినప్పుడల్లా బొత్తాం ఒత్తాలె. ఒత్తకపోతే బజర్ మోగుతది. అప్పటికీ ఒత్తకపోతే డ్రైవర్‌కు ఏమో అయిందనుకొని బండి తనంతట తానే బ్రేకులు ఏసుకొని నిలవడ్తది."

"మంచిదే గదా! నీకేమన్నా అయితే గంత మంది జనం బతుకుతరు."

"మంచిదే. కని నాకు యాదికుంటలేదు. సిగ్నల్ జూడాల్నా, గేటు జూడాల్నా, గా లైటు జూడాల్నా? ట్రైనింగుల రెండుసార్లు బండి ఆగింది. వచ్చే వారం ఇన్‌స్పెక్టర్ దయాకర్‌రావు సారు ఇంజన్లనే కూసుంటడట. తప్పితే మళ్ల షంటింగే."

ఆ మాట అంటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. అంతలోనే ఆ మిషన్ మీద ఒళ్లు మండింది.

"ఓస్ గింతేనా! గిది నీకు రాని పనా? గా ఇంజన్ కథ చెప్తున్నదనుకో. లైటు ఎలిగితే ఊ కొట్టుమన్నట్టు. ఊ కొట్టకపోతే ఇనేటోడు పండుకున్నడని కథ ఆపేస్తది. నిద్రల సుత ఊ కొట్టేటోనివి, మెలకువల కొట్టవా?"

ఆయన ముఖం వెలిగింది. మరుక్షణం నాకే భయం వేసింది. నిద్రలో ఊ కొట్టేవాడు నిద్రలో బొత్తాం కూడా నొక్కుతాడు కదా! మనిషి పడుకుని, చెయ్యి మాత్రం మేలుకుంటే ఇక ఆ మిషన్ ఎందుకు, ఎవరిని కాయడానికి?

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు. ఆరోజు నుంచే మొదలుపెట్టాను. మంచం మీద పడుకోనివ్వకుండా పీట మీద కూర్చోబెట్టి, చేతిలో గరిటె, ముందు ఇత్తడి పళ్లెం పెట్టుకున్నాను. కథ చెబుతూ చెబుతూ పళ్లెం మీద టంగుమని కొడతాను. ఆయన ఊ అనాలి. ఒట్టి ఊ చెల్లదు. నేను చివర చెప్పిన మాట కూడా తిరిగి చెప్పాలి.

"భూమన్న తన ఎద్దును ఉట్నూర్ల అమ్మిండు." టంగ్!

"ఊ. ఉట్నూర్ల అమ్మిండు."

"తెల్లారేసరికి ఎద్దు వాగు దాటి, అడివి దాటి, ఇంటి ముంగట నిలవడ్డది." టంగ్!

"ఊ. ఇంటి ముంగట... వాగెట్ల దాటింది? వానకాలం గదా?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన నన్ను ప్రశ్న అడిగాడు! పెళ్లైనప్పటి నుంచి మొదటిసారి. వారమంతా అదే ఎద్దు కథ. భూమన్న అమ్మడం, ఎద్దు తిరిగి రావడం, మళ్లీ అమ్మడం. కూరలు మాడాయి. పొరుగువాళ్లు వచ్చి, "రాజక్కా, గా పళ్లెం చప్పుడేందే?" అని అడిగారు.

పరీక్ష రోజు ఇంట్లో ఉండలేక నేనూ అదే బండి ఎక్కాను. రైల్వేవాళ్లకిచ్చే పాస్ ఎలాగూ ఉంది. ముందు డబ్బాలో కిటికీ పక్కన కూర్చున్నాను. బెల్లంపల్లి దాటాక బండి దర్జాగా పోతోంది. నాకు ఊపిరి కుదురుకుంటోంది. ఇంతలో కీచుమని బ్రేకులు పడి, మందమర్రి రాకముందే పత్తిచేల మధ్య బండి నిలబడిపోయింది.

"డ్రైవర్‌కు కల్లు ఎక్కువైందా ఏంది?" అన్నాడొకడు.

"నీకే ఎక్కువైంది! నోరు ముయ్!" అని వాడి మీద పడి, బండి దిగి, కంకర మీద ఇంజన్ దాకా ఉరికాను. పాడు నిద్ర, పండుకున్నాడు కాబోలు. షంటింగే ఇక. ఏడుపు తన్నుకొచ్చింది.

ఇంజన్ దగ్గరికి చేరేసరికి పైనుంచి నవ్వులు! అసిస్టెంట్ డ్రైవర్ అంతయ్య తలుపు పట్టుకుని కడుపుబ్బ నవ్వుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ సారు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. మా ఆయన ఒక్కడే దొంగలా నిలబడ్డాడు.

"ఏమాయె అంతన్నా?" అన్నాను.

"గిది ఎట్ల నేర్సుకున్నవని సారు అడిగిండు వదినా. మా అన్న నీ ఎద్దు కథ ఎత్తుకున్నడు. సారు ఊ కొట్టుడు, నేను ఊ కొట్టుడు. లైటెలిగింది. అన్న సారు దిక్కు జూసిండు. సారు 'ఊ' అన్నడు. బజర్ మోగింది. అన్న మళ్ల సారు దిక్కే జూసిండు. సారు ఇంకింత గట్టిగ 'ఊ' అన్నడు. బ్రేకులు పడ్డయ్!"

"కథ చెప్పేటోడు ఊ కొట్టడు గదా సార్," అన్నాడు మా ఆయన నేల చూపులు చూస్తూ.

ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది సుత ఉన్నది మొగిలీ. డ్యూటీల నిన్ను ముచ్చట్లల్ల వెట్టిన. కని బండి ఆగిందంటే ఆగినట్టే, రాసుకోక తప్పదు. కాజీపేట దాక ఇంకా దారున్నది. ఇగ సిగ్నళ్లు చెప్పుకునుడు తప్ప ఒక్క ముచ్చట లేదు. మళ్ల ఆగితే నేను ఏం చెయ్యలేను."

వెళ్లి నా చోట్లో కూర్చున్నాను. మంచిర్యాల వచ్చింది. గోదావరి వంతెన మీద అందరూ చేతులు జోడిస్తే నేను నదికి కాదు, ఇంజన్‌కు దండం పెట్టాను. రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట. బండి స్టేషన్లలో తప్ప ఎక్కడా ఆగలేదు. ఎక్కడ కాస్త నెమ్మదించినా నా నోట్లోంచి "ఊ! ఊ!" అని వస్తోంది. పక్కనున్న ముసలామె నాకు గాలి సోకిందనుకుని దూరం జరిగింది.

కాజీపేటలో సారు ముందు దిగాడు. మా ఆయన భుజం తట్టి, "పాస్" అన్నాడు. నేను ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేశాను. సిగ్గేముంది, ఏడుపొస్తే ఏడవాలి.

సారు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నన్ను సగంల ఆపేసిండు మీ ఆయన. గా ఎద్దు ఆఖరికి ఏమైంది?"

నేను నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది నాకు, ఆ కథకు చివర లేదని. నా ఏ కథకూ లేదు. అంతదాకా ఎవరు మేలుకున్నారు గనక!

"ఏమో సార్, గంత దూరం నేనెన్నడు పోలే" అన్నాను. సారు కంటే మా ఆయనే ఎక్కువ నవ్వాడు.

మర్నాడు ఇంటికొచ్చి, అన్నం తిని, మంచం మీద వాలి, "ఇగ చెప్పు, నాలుగోపారి అమ్మినంక ఏమైంది?" అన్నాడు.

తిరుగు దారిపొడుగునా కూడబెట్టుకున్న చివర మొదలుపెట్టాను. ఎద్దు ఈసారి తిరిగి రాలేదు. భూమన్నకు ముద్ద దిగలేదు. కట్టుతాడు పట్టుకుని తనే ఉట్నూర్ దారి పట్టాడు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి అవతలివైపు నుంచి ఎద్దు.

ఊ లేదు. చూశాను. కళ్లు మూసే ఉన్నాయి. ఇదివరకైతే చెంబు కోసం లేచేదాన్ని. ఇప్పుడు కోపం రాలేదు. పడుకుంటే పడుకున్నట్టే ఉన్నాడు, దొంగ ఊ కొట్టలేదు. పాపం, ఎంత అలసిపోయాడో. అక్కడే ఆపేసి దుప్పటి కప్పబోయాను.

"ఆపినవేందే?" అన్నాడు కళ్లు మూసుకునే. "ఎద్దు గేటు అవుతల ఉన్నది. భూమన్న ఇవుతల ఉన్నడు. మళ్లేమైంది?"

"ఊ కొట్టకపోతివి!"

"కథల వడి మర్సిపోయిననే. చెప్పు."