పెదవి మిగిలింది

అన్నయ్య అద్దానికి అవతల మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఇవతల కంట్రోల్ గదిలో నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తిరగడానికి అక్కడ చోటెక్కడుంది గనక? తలుపు నుంచి సోఫా దాకా, సోఫా నుంచి తలుపు దాకా. నా చెప్పుల చప్పుడుకి చిరాకుపడి ఇంజనీరు కూర్చోమన్నాడు. చెప్పులు విడిచేసి మళ్లీ తిరిగాను.

నేను డబ్బింగ్‌కి మాటలు రాస్తాను. తెర మీద ఎవరో ఏదో భాషలో మాట్లాడతారు. వాళ్ల నోరు కదిలినంతసేపూ మన మాట ఉండాలి, నోరు ఆగిన చోట ఆగాలి. అర్థం ఎంత బాగా కుదిరినా నోరు కుదరకపోతే ఆ వాక్యం దండగ. అవతల నోరు ఇంకా కదులుతుండగానే ఇవతల మాట అయిపోతే, మా వాళ్లు 'పెదవి మిగిలింది' అంటారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఇంజనీరు నోట అదే మాట.

అన్నయ్య గొంతు ఈ సీరియల్‌లో గడియారాలు బాగుచేసే ముసలాయనది. మొదటి రెండు భాగాలకీ వాడే చెప్పాడు. ఆ తర్వాత ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేశారు. గొంతుకేం కాలేదు, బంగారంలా ఉంది. ఊపిరే నిలవదు. ఆపరేషన్ అయిన కొత్తలో మంచినీళ్లు అడగాలంటే 'నీ' అని ఆగి, గాలి పీల్చుకుని 'ళ్లు' అనేవాడు. అలాంటి మనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి అక్షరం మీద అక్షరం పేర్చుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు.

ఇప్పుడు మూడో భాగం వచ్చింది. ఈ ఒక్క సీను చెప్పగలిగితే మిగతా అంతా వాడిదేననీ, లేకపోతే కొత్త గొంతు చూసుకుంటామనీ స్టూడియో యజమాని ముందే చెప్పాడు. మధ్యాహ్నం దాకా గడువు. ఆయనది మొహమాటం లేని మనిషి. వెనక గోతులు తవ్వడు, ఎదురుగానే తవ్వుతాడు.

సీను చిన్నదే. చాలా ఏళ్లకి ఇంటికొచ్చిన కూతురితో ముసలాయన ఒక్క వాక్యం అంటాడు. తెర నిండా ఆయన మొహమే. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోడు, ఆ దరిద్రుడు. నేను రాసిన మాట ఇది: "నీకో ఇల్లు ఇద్దామనుకున్నాను, ఆ ఇంట్లో ఓ మంచి తండ్రిగా ఉందామనుకున్నాను, రెండిట్లోనూ ఓడిపోయాను."

అన్నయ్య 'రెండిట్లోనూ' దాకా వస్తాడు. అక్కడ గొంతు సన్నబడుతుంది. 'ఓడి' దగ్గర గాలి అయిపోతుంది. అవతల ముసలాయన నోరు మాత్రం తాపీగా కదులుతూనే ఉంటుంది.

మళ్లీ చెప్పాడు. మళ్లీ అంతే. వాక్యాన్ని రెండు ముక్కలుగా చెప్పించి అతికిద్దామని నేనే సలహా ఇచ్చాను. ఇంజనీరు అతికించాడు. విని డబ్బింగ్ దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. నిజానికి నాకూ తెలిసింది. మొదటి ముక్కలో అలిసిపోయిన ముసలాయన రెండో ముక్కకి నిద్రలేచి స్నానం చేసి వచ్చినట్టున్నాడు.

దర్శకుడు కాసేపు విరామం ఇచ్చాడు. ఈలోగా వదిన ఫోను. ఏమైందని అడిగింది. జరుగుతోందన్నాను. ఎలా జరుగుతోందంది. బాగానే జరుగుతోందన్నాను. నా 'బాగానే'లో ఏం వినపడిందో ఏమో, ఇంకేం అడక్కుండా పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మీద కాదు, ఎవరి మీదో తెలీదు.

వరండాలో కుర్చీలున్నా అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో నేను రాసిన కాగితం. నన్ను చూసి, "ఈయన ఎవరితో ఆడాడు?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"ఓడిపోయానంటున్నాడు కదా. ఓడిపోవాలంటే అవతల ఒకడు గెలవాలి. ఈ ముసలాడి మీద ఎవడు గెలిచాడు?"

మూలంలో ఉన్నది అదేనని చెప్పాను. మూలంలో ఉన్న మాటకి మన దగ్గర పది మాటలుంటాయి, నువ్వు చేతికందింది తీసుకున్నావన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, నా మాటకి వంక పెట్టే రోజు ఇవాళే దొరికిందా అన్నాను. వాడు నవ్వాడు. ముసలాయన పనిమంతుడే, ప్రేమ కలవాడే, అన్నీ ఉన్నాయి, కూతురికి కావలసినంత లేవు, అంతే కదా అన్నాడు. "వాడు ఓడిపోలేదే. వాడు చాలలేదు."

చాలలేదనడానికి ఆయనేమైనా కూరలో ఉప్పా, చొక్కాకి గుడ్డా అన్నాను. అవునన్నాడు. నేను మరీ రెచ్చిపోయాను. నోరు జారడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

"నీకు ఊపిరి చాలక, పొట్టి మాట కోసం వెతుక్కుంటున్నావు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం? వరండా చివర ఎవరో తలుపు వేశారు. అన్నయ్య కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు, విప్పాడు.

"ఊపిరి చాలకే తెలిసింది" అన్నాడు.

నేను కంట్రోల్ గదిలోకి వెళ్లిపోయాను. సోఫా దాకా వెళ్లాను, కూర్చోబుద్ధి కాలేదు. కోపం పోలేదు గానీ, అది వాడి మీద నుంచి నా కాగితం మీదికి మళ్లింది. తెర మీద ముసలాయన నోటిని మాట లేకుండా మళ్లీ మళ్లీ తిప్పి చూశాను. చివర్లో ఆయన పెదవులు ఒకసారి కలుస్తాయి. కలిసి, విడిపోయి, అలా తెరుచుకునే ఉంటాయి. నా 'ఓడిపోయాను'లో పెదవులు కలిసేది 'పో' దగ్గర. అంటే ముందే కలిసిపోతున్నాయి. ఇంజనీరు పొద్దుట్నుంచీ సణుగుతున్నది అందుకు కూడానట, నేనే వినిపించుకోలేదు.

చివర్లో పెదవులు కలవాలి. కూతురితో మాట్లాడుతున్నాడు. కూతుర్ని ఏమని పిలుస్తాడు?

"రెండిటికీ చాలలేదమ్మా."

వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టాను. పాతదీ కొత్తదీ సరిసమానం. అన్నయ్య అడిగిన మాట ఒక్క అక్షరం కూడా పొట్టిది కాదు. నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. కొత్త కాగితం రాసి వాడి చేతికిచ్చాను. చదువుకుని లోపలికి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు.

అప్పటికి యజమాని కూడా వచ్చి మా వెనక నిలబడ్డాడు. నేను గోడ పట్టుకున్నాను. వాడితో పాటు నేనూ ఊపిరి పీల్చి బిగబట్టాను, నా ఊపిరి వాడికేదో పనికొస్తుందన్నట్టు.

"నీకో ఇల్లు ఇద్దామనుకున్నాను, ఆ ఇంట్లో ఓ మంచి తండ్రిగా ఉందామనుకున్నాను..."

గొంతు నిలబడింది. ఆపరేషన్ తర్వాత వాడి గొంతు అంతసేపు నిలబడగా నేను వినలేదు. 'రెండిటికీ' దాటాడు. పొద్దుటి నుంచీ దాటలేని చోటు దాటాడు. 'చాలలే' అన్నాడు. అక్కడ ఆగిపోయింది. వాడి పెదవులు కలిశాయి, విడిపోయాయి, తెర మీద ముసలాయనవి కూడా సరిగ్గా అప్పుడే కలిసి విడిపోయాయి. చప్పుడు మాత్రం లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే బాగుందని దర్శకుడంటాడేమో అని అతని మొహంలోకి చూశాను. అతను కూడా అలా అనడానికి ఒకసారి ప్రయత్నించినట్టే ఉంది. మళ్లీ విన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. తెర చూడకుండా వింటే అది మధ్యలో తెగిపోయిన మాట. అంతే. అబద్ధం చెప్పలేక తల వంచుకున్నాడు.

యజమాని నన్ను పక్కకి పిలిచి, వాయిస్ ఫెయిలని, రేపు కొత్తతన్ని పిలుస్తున్నామని, మీ అన్నయ్యకి మీరే చెబితే మర్యాదగా ఉంటుందని అన్నాడు. ఫెయిల్ కాలేదండీ, చాలలేదు అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"రెండూ ఒకటే కదమ్మా. పని కాలేదు."

మాటలమ్ముకుని బతికేదాన్ని, ఆయనకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఆయన తప్పేం లేదు. ఆయనకి కావలసింది గొంతు, అది రాలేదు. ఒకటి కాదని నాకు తెలుసు, ఎందుకు కాదో చెప్పడం తెలీలేదు. చెప్పులు అక్కడే వదిలేసి వట్టి కాళ్లతో బయటికొచ్చాను.

అన్నయ్య ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి గాలి పోగుచేసుకుంటున్నాడు. ఎలా మొదలుపెట్టాలా అని వాడి ముందు అటూ ఇటూ నడిచాను. ఇంట్లో వదినకి ఏం చెప్పాలి, రేపట్నుంచి వీడు కిటికీ దగ్గర దేనికోసం నిలబడాలి, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. యజమాని అన్న 'ఫెయిల్' మాటే నాలుక చివర కూర్చుంది, తోసేస్తే పోవడం లేదు.

వాడు తలెత్తి నా మొహం చూశాడు. అయిందా అని అడగలేదు.

"ఎంత తక్కువైంది?" అన్నాడు.

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. దుకాణంలో గుడ్డ కొలిచే మనిషి అడిగినట్టు అడిగాడు. ఓడిపోయినవాణ్ణి ఎంత అని ఎవరూ అడగరు.

"'దమ్మా' రాలేదన్నయ్యా. అదొక్కటే."

వాడు ఒక క్షణం ఆలోచించి నవ్వాడు. నవ్వుకి ఊపిరి సరిపోక దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "దమ్మే రాలేదన్నమాట" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడి పక్కన కుర్చీలో కూలబడ్డాను. పొద్దుటి నుంచీ మొదటిసారి కూర్చోవడం.

"మిగతాదంతా వచ్చిందా?" అని అడిగాడు, ఈసారి నవ్వకుండా.

"వచ్చింది అన్నయ్యా. మొత్తం వచ్చింది."

వాడు తల ఊపాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, నేను ఆపేదాకా వాడు అలాగే కూర్చున్నాడు.