గోడ లోపలి సిమెంటు

మా హాలు గోడ చేపల తొట్టిని మోయదని చెప్పాను. ఆ గోడ కట్టింది నేనే. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడి మాట చాలాలి. నా కూతురికి చాలలేదు.

"అవి డొల్ల బ్లాకులమ్మా. లోపలంతా గాలి. క్యాలెండరు తగిలించుకో, ఆగుతుంది. చెరువు ఆగదు."

"చెరువు కాదు నాన్నా, తొట్టి. ముందు వచ్చి చూడు. చూసి తిట్టు."

తిట్టడానికే వెళ్ళాను. చేపల దుకాణంలో వెలుతురంతా తొట్లలోంచే వస్తోంది. ఒక తొట్టి ముందు ఆగిపోయాను. అందులో చేపకు రంగే లేదు. ఒంట్లో ముళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. తల వెనక ఏదో చిన్నది కొట్టుకుంటోంది. గుండె. ఇంత బాహాటంగా బతికే ప్రాణిని నేనెప్పుడూ చూడలేదు.

"తిట్టవేం?" అంది నా కూతురు.

"ఆగు."

దుకాణం ఆమె గుండ్రటి ప్లాస్టిక్ తొట్టి చూపించింది. అది బొమ్మ. గోడకు తగిలించే వాటిలో మూడడుగుల గాజు తొట్టి నేనే ఎంచాను. జానెడు లోతు. అంచుల్లో పూసిన బంకను వేలితో తడిమాను. ఒక్క బుడగ లేదు. పని తెలిసినవాడు చేశాడు. నీళ్ళతో కలిపి నూట పది కిలోలని ఆమె చెప్పింది.

"మా గోడ మొయ్యదు," అన్నాను.

"రెండు రంధ్రాలు వేసి చూద్దాం. డొల్లయితే తొట్టి వెనక్కి తీసుకుంటాం," అంది ఆమె.

నా కూతురు ఆ మాట పట్టుకుంది.

ఆ గోడ మీద నాకు వేరే కోపం ఉంది. ఇల్లు కట్టేటప్పుడు ఆరు బస్తాల సిమెంటు కనపడకుండా పోయింది. ఆ నెలలోనే నా బావమరిది తన ఇంటికి గోడలు లేపాడు. నేను పగలు ఊళ్ళో వాళ్ళ పనులకు వెళ్ళి, సాయంత్రాలు మా గోడ కట్టుకునేవాడిని. ఇంట్లో ఉన్నది నా భార్య ఒక్కతే. పరంజా మీద నిలబడే అడిగాను.

"మీ తమ్ముడికి ఎన్ని బస్తాలు మోసిపెట్టావ్?"

"ఎవరికీ ఇవ్వలేదు. గోడలోనే పోశాను."

తాపీ పిడితో ముందున్న వరసను కొట్టాను. డబ్బాలా మోగింది.

"అబద్ధాలు కూడా నేర్చావా?" అన్నాను.

ఆమె మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. బావమరిదిని నేను గడప తొక్కనివ్వలేదు. ఇరవై మూడేళ్ళు. ఆమె పోయిన రోజున కూడా గేటు బయటే నిలబెట్టాను. ఒకసారి దొంగ అనుకున్నవాడు నాకు ఎప్పటికీ దొంగే.

ఆదివారం పొద్దున్నే ఫిట్టర్ వచ్చాడు. పొట్టివాడు, నోరు పెద్దది.

"తాతగారూ, కాస్త జరగండి. గోడ పడితే ముందు మీ మీదే పడుతుంది."

"పడనీ. నేను కట్టిందేగా."

డ్రిల్లు మొదలైంది. డొల్ల బ్లాకులో బొటనవేలంత దిగాక బిట్టు ఒక్కసారిగా లోపలికి జారాలి. ఆ జారడం కోసం చూస్తున్నాను. జారలేదు. బూడిదరంగు పొడి రాలుతూనే ఉంది. రెండో చోట పెట్టాడు. అక్కడా అంతే. మూడో చోట బిట్టు ఎర్రగా కాలింది.

"డొల్ల అన్నారేంటండీ? ఇది బ్యాంకు లాకరులా ఉంది. నా బిట్టు డబ్బులు ఎవరిస్తారు?"

నేను పొడి చేతిలోకి తీసుకున్నాను. సిమెంటు, ఇసుక, నల్ల కంకర చిప్స్. కాంక్రీటు.

సుత్తి అడిగి తీసుకుని కింది వరస నుంచి కొట్టుకుంటూ వచ్చాను. దబ్. దబ్. ఎక్కడా గాలి లేదు. ఫిట్టర్ తెచ్చిన నిచ్చెన వేసుకుని పైకెక్కాను. పైన రెండంటే రెండు వరసలు మోగాయి. ఆ రోజు నేను కొట్టింది వాటినే. ఆ సాయంత్రమే పేర్చిన ఆఖరి వరసలు. ఆమె ఇంకా వాటి దాకా రాలేదు.

నేను పేర్చి వెళ్ళిన ప్రతి వరసనూ మర్నాడు ఆమె నింపింది. తట్టతో మోసింది, కర్రతో కూరింది. నాలుగు వేళ్ళు తగ్గించి పోసేదేమో, సాయంత్రం దీపం వెలుగులో మాలు పరుస్తూ నేను లోపలికి చూడలేదు. నేనడిగాక మానేసింది. ఎందుకు నింపావని నేను అడగలేదు. అడిగితే చెప్పేది.

"నాన్నా, దిగు. ఏమైంది?" అంది నా కూతురు.

"ఎనిమిది బోల్టులూ వెయ్యమను. మోస్తుంది."

మధ్యాహ్నానికి తొట్టి గోడకెక్కింది. నీళ్ళు నింపుతుంటే గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. నూట పది కిలోలు. వెంట్రుకవాసి కదలలేదు. లైటు వేశారు. పదకొండు చేపలు వదిలారు. ముళ్ళు కనిపించే చేపలు గోడ మీద, నా కళ్ళ ఎత్తున, ఊపిరి తీసుకుంటున్నాయి. నేను కట్టిన వాటిలో ఇంత గొప్ప గోడ లేదు. అది నేను కట్టింది కాదు.

"మీ మామయ్య నంబరు ఉందా?"

జరిగింది చెప్పాను. నా కూతురు నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టింది.

"నేనురా," అన్నాను. "హాలు గోడలో కాంక్రీటు ఉంది. మీ అక్క పోసింది. ఇవాళ చేపల తొట్టి కోసం తొలిస్తే బయటపడింది."



"అక్క చెప్తే నమ్మలేదు. చేపలు చెప్తే నమ్మావా బావా?"

"ఇవాళ నమ్మాను."

"ఆ రోజు గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. తెలుసా?"

"తెలుసు. కిటికీలోంచి చూశాను."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"ఎంత ఎత్తు దాకా పోసింది?"

"పైన రెండు వరసలు తప్ప అంతా."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"వస్తాను. నీకోసం కాదు. ఆ గోడ చూడాలి."

"రా," అన్నాను. వెళ్ళి గేటు గడియ తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, అక్కడే నిలబడ్డాను. ఎండగా ఉంది. నా కూతురు లోపలికి రమ్మంది. రానన్నాను.