ఒంటరిగా తేలిన ఆనపబుర్ర

నేను ఒక ఆనపబుర్రను. చేదుజాతి దాన్ని కాబట్టి బతికిపోయాను. తియ్యగా ఉన్న నా తోటివాళ్లంతా పులుసులోకి పోయారు. అక్షరం ముక్క రాదు నాకు. కానీ నాయనా, లోపలంతా డొల్ల కదా, ఒకసారి పడిన మాట బయటికి పోయే దారి లేదు.

పారినాయుడు నన్ను పాక మీదే ముదరనిచ్చి, పొయ్యి పొగకు వేలాడదీసి ఎండబెట్టాడు. అప్పటికి అతని మీసం నల్లగా ఉండేది. అతని పొలంలో మెట్ల నుయ్యి ఒకటి ఉంది. ఊళ్లో పిల్లలంతా నన్ను నడుముకు కట్టుకునే ఈత నేర్చారు. తాడు ముడి వీపు మీద పడాలి, పిల్లల చేతికి అందకూడదు. కొన్నాళ్లు పోయాక, ఏదో మాటల్లో పెట్టి, పారినాయుడు చప్పుడు లేకుండా ఆ ముడి లాగేసేవాడు. పిల్ల నేనున్నాననే ధైర్యంతో అవతలి మెట్టు అందుకుని వెనక్కి చూస్తే, నేను నుయ్యి మధ్యలో ఒక్కదాన్నే తేలుతూ ఉండేదాన్ని. గట్టు మీద ఒకటే నవ్వులు. నేను ఒంటరిగా తేలితే ఎవరికో ఈత వచ్చిందని అర్థం. ఆ ఊళ్లో నా గౌరవమంతా అదే.

పారినాయుడి కొడుకు పేరు తవుడు. ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, పుట్టీపుట్టగానే పొరుగింటి ఆవిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్న బిడ్డ. తవుడుపాటి విలువే ఉన్నవాడి జోలికి చావు రాదట. మనుషులు చావును ఎంత వెర్రిదనుకుంటారో!

ఒక మధ్యాహ్నం వాడు నన్ను చంకన పెట్టుకుని ఒక్కడే నూతికి వచ్చాడు. వీపు మీద ముడి వేసేవాళ్లెవరు? పొట్ట మీద తనే వేసుకున్నాడు. నడి నూతిలో తాడు జారిపోయింది. నేను పైకి తేలాను.

కాసేపటికి పారినాయుడు వచ్చాడు. నన్ను చూశాడు. చూసి నవ్వాడు.

"ఒరే తవుడూ! ఈత వొచ్చీసిందేట్రా నీకు! ఎక్కడ దాక్కున్నావురా, దొంగగుంటడా?"

మురిసిపోతూ, పిలుచుకుంటూ చెరుకుతోటంతా వెతికాడు. వాడు నా కిందే ఉన్నాడు. ఆ నవ్వు ఈనాటికీ నా డొల్లలో తిరుగుతూనే ఉంది.

ఆ తరవాత నన్ను పారెయ్యలేక, చూడలేక, వాసానికి కట్టి వదిలేశాడు. తవుడి చెల్లెలు గౌరి అప్పటికి చంకబిడ్డ. తల్లి కూడా పోయాక తండ్రీ కూతుళ్లిద్దరే మిగిలారు. ఆ పిల్ల తడిక చాటున స్నానం చేస్తున్నా బయట నిలబడి "గౌరీ" అని పిలిచేవాడు. "ఆఁ" అనాలి. అనకపోతే తడిక ఊడి వచ్చేది. గౌరి పెద్దదై ఊరూరా ఉత్తరాలు పంచే ఉద్యోగంలో చేరింది. సైకిల్ తొక్కడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఏటి వంతెన వచ్చిందంటే మాత్రం దిగిపోయి, నీళ్ల వైపు చూడకుండా నడిపించుకుంటూ దాటేది.

జుట్టు నెరిసే వయసులో, ఒకరోజు పందెం మాట తెచ్చింది. సముద్రంలో ఈత, పైకొచ్చి సైకిల్, దిగి పరుగు, అన్నీ ఒక్క పొద్దుటే. ట్రయథ్లాన్ అంటారట.

"ఉత్తరాలు పంచినదానివి, సముద్రానికేటి ఉత్తరం ఇస్తావే?" అని పొరుగింటి అప్పాయమ్మ నవ్వింది.

"జవాబు రావాల్సుంది పిన్నీ. ఇంకెన్నాళ్లు వంతెన దిగి నడుస్తాను?" అంది గౌరి.

పారినాయుడు ఆ పూట అన్నం ముట్టలేదు.

పట్నంలో ఈతకొలనుకు పోయి చేతులు ఆడించడం నేర్చుకుంది. అడుగు కనిపిస్తే ఈదేది. నల్లటి నీళ్లు చూస్తే కొయ్యబారిపోయేది. అందుకే నన్ను వాసం మీంచి దించి, దుమ్ము తుడిచి, తండ్రి ఒళ్లో పెట్టింది.

"మన నూతికే పోదాం. ముడి నువ్వే ఎయ్యాల."

అతను నన్ను పట్టుకుని లేచాడు. వీపు మీద ముడి వేసి, దాని మీద మరొకటి వేసి, ఇంకొకటి వేశాడు. రోజూ అంతే. ఆమె ఈదినంతసేపూ "గౌరీ" అంటూనే ఉండేవాడు. నోటినిండా నీళ్లతో "ఆఁ" అనలేక ఆమె చెయ్యెత్తేది. తవుడు మునిగిన చోటు మీదికి రాగానే ఏదో నన్ను పట్టుకునేది. ఆమెకు అది చల్లటి నీరు, అంతే. కింద ఎవరో పట్టి లాగినట్టయ్యేది నాకు.

"ఇప్పీ నాన్నా," అని పోరింది గౌరి. "సముద్రంలో ఇది కట్టుకోనివ్వరు."

చివరికొక పొద్దుట విప్పాడు. ఊరి ఆనవాయితీలా చాటుగా కాదు. "ఇప్పేస్తన్నాను గౌరీ! ఇనబడతందా? ఇప్పేస్తన్నాను!" అని నుయ్యంతా మోగేలా అరిచి మరీ విప్పాడు. ఆమె అవతలి మెట్టు అందుకుంది. ఎవరూ నవ్వలేదు.

పందెం రోజున భీమిలి ఒడ్డున నేను పారినాయుడి ఒళ్లో ఉన్నాను. సముద్రం నిండా ఎర్రటోపీల తలకాయలు. అందులో ఏది గౌరిదో ఎలా తెలుస్తుంది? "గౌరీ" అన్నాడు. కెరటాల హోరులో ఎవరూ చెయ్యెత్తలేదు. మళ్లీ పిలిచాడు. లేచి నన్ను చంకన పెట్టుకుని మోకాటి లోతుకు దిగాడు.

"తవుడూ! ఒరే తవుడూ! ఎక్కడ దాక్కున్నావురా?"

అందరికన్నా వెనకగా ఒక ఎర్రటోపీ పైకి వచ్చింది. గౌరి. రొప్పుతూ, తూలుతూ. సైకిళ్ల దగ్గర నిలబడ్డవాళ్లు "బేగి రండమ్మా" అని కేకలేస్తున్నారు. అతను ఆమె భుజం మీంచి నీళ్లలోకి చూస్తూ అడిగాడు.

"వాడేడమ్మా?"

ఆమె ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అంది.

"వాడు రాడు నాన్నా. నానొచ్చీసినాను. సూడు."

పారినాయుడు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, చంటిదానికి తుడిచినట్టు ఆమె మొహం తుడిచాడు. "ఎల్లు, సైకిలెక్కు," అన్నాడు.

ఆమె పరుగెత్తింది. జనమంతా రోడ్డు వైపు తిరిగారు. అతను తడి ఇసుకలో కూలబడ్డాడు. ఎర్రటోపీలన్నీ ఒడ్డెక్కేశాయి, సముద్రం ఖాళీగా ఉంది. అయినా అతని చూపు నీళ్ల మీదే ఉంది. నాదీ అక్కడే ఉంది.