వార్నిష్ కింద ముప్పై నాలుగు

కప్పీ మీదుగా వచ్చిన తాడును మేస్త్రి ఎడమచేత్తో మరో అంగుళం లాగాడు. గోడకు బిగించిన దిమ్మ మీద అడ్డంగా కూర్చున్న విల్లు సన్నగా మూలిగింది. నారికీ తాడుకీ మధ్య వేలాడుతున్న కాటాలో ముల్లు వణికి, నలభై రెండు దగ్గర నిలబడింది. మేస్త్రి ఒక కన్ను మూసి చూశాడు. పై బద్ద వంగినంత హాయిగా కింది బద్ద వంగడం లేదు. పిడికి జానెడు కింద పెన్సిల్‌తో గీత పెట్టి, తాడు వదిలి, విల్లు దింపి, గీకుడు రేకు అందుకున్నాడు. పొద్దున ఎనిమిది నుంచి ఇది పదకొండోసారి.

ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే. లాగడం, చూడటం, గీత పెట్టడం, గీకడం, మళ్లీ లాగడం. ఆ గదంటే ఆయనకు రోత. మూలన పొయ్యి మీద తోలు జిగురు ఉడుకుతూ చచ్చిన పశువు కంపు కొడుతుంది. గాల్లో తేలే కొయ్యపొడి ముక్కులో చేరి సాయంత్రానికి గడ్డ కడుతుంది. గోడ అవతల కౌంటరు దగ్గర కూర్చునే యజమాని గంటకోసారి లోపలికొచ్చి, కాండ్రించి, సరిగ్గా చెక్కపొట్టు బుట్టలోనే ఉమ్మేసి పోతాడు. రోజూ ఆ బుట్టను చేత్తో ఎత్తి పారబోయాల్సింది మేస్త్రే. ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ "అందులో ఉమ్మకండి" అని అనలేకపోయాడు. అందుకని తన మీద తనకు కూడా కొంచెం రోతే.

ఇవన్నీ ఒక ఎత్తు, అంకెలు ఒక ఎత్తు. అక్కడ తయారయ్యే ప్రతి పొడుగు విల్లుకూ పిడికి పైన, లోపలి వైపు, సిరాతో ఒక అంకె వేస్తారు. నారిని ఇరవై ఎనిమిది అంగుళాలు లాగితే చేతికి ఎన్ని పౌండ్ల బరువు తగులుతుందో చెప్పే అంకె అది. వయసు మీదపడి, మోచేతులు పట్టేసి, నడుములు వంగి మనుషులొస్తారు. బరువు తగ్గించిన విల్లు కావాలంటారు. అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, అంకె మాత్రం పాతదే వేయమంటారు. యజమాని కన్ను గీటుతాడు.

"రాసెయ్ మేస్త్రీ. సిరా ఏమైనా ఎక్కువ ఖర్చవుతుందా?"

మేస్త్రి రాసేసేవాడు. ముప్పై ఎనిమిది మీద యాభై, నలభై మీద యాభై అయిదు. రాసిన ప్రతిసారీ పొట్టు బుట్టలో చేయి పెట్టినట్టే ఉండేది.

ఆయన్ని అందరూ అరవై మేస్త్రి అంటారు. వయసు చూసి పెట్టిన పేరు కాదు, ఆయనకింకా యాభై ఏడే. ఊరి చివర మైదానంలో సెలవు రోజు పొద్దున్నే పన్నెండు మంది చేరి బాణాలు వేసుకుంటారు. వాళ్ల విళ్లన్నీ ఒక కొయ్య చట్రం మీద, అంకెలు పైకి కనబడేలా పడుకుంటాయి. వాటిలో అరవై పౌండ్ల విల్లు ఒక్కటే. దాన్ని చెవి దాకా లాగినవాడూ ఒక్కడే. కౌంటరు దగ్గర గొంతెత్తి మాట్లాడలేని మనిషికి ఆ మైదానంలో ఒక పేరుండేది.

కుడి భుజం పాడై రెండేళ్లయింది. చేయి ఎత్తితే లోపల ఏదో కటుక్కుమంటుంది. ఇరవై మూడు అంగుళాల దాకా ఎలాగో లాగి, అక్కడే దగ్గు వచ్చినట్టు నటించి నారి వదిలేస్తున్నాడు. మొన్న సెలవునాడు బాణం గురికి ఇరవై అడుగుల ఇవతల గడ్డిలో పడింది. ఎవరూ నవ్వలేదు. "ఎదురుగాలి మేస్త్రీ" అన్నాడొకడు. చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. వాళ్లు నవ్వి ఉంటే తిట్టేసి ఊరుకునేవాడు. ఆ మర్యాదే ఆయన తట్టుకోలేకపోయాడు.

ముప్పై అయిదు పౌండ్లు మించి లాగితే ఇక తల దువ్వుకోవడానికి కూడా చేయి లేవదని డాక్టరు చెప్పేశాడు. ఎల్లుండే సెలవు. ఆలోగా తనకో తేలిక విల్లు ఎంచుకోవాలి. లేదంటే వెళ్లడం మానుకోవాలి. నెలకు ఆ నాలుగు పొద్దులూ తప్ప తన కోసం తాను చేసే పని ఆయన జీవితంలో ఇంకోటి లేదు.

పదిన్నరకు డ్రిల్లు మాస్టారు ఊడిపడ్డాడు. బడి నుంచి రిటైరైనా మెడలో ఈల తీయని మనిషి. రెండు నెలల కింద తేలిక విల్లు చేయించుకుని యాభై అయిదు వేయించుకున్నది ఈయనే. విల్లు బల్ల మీద విసిరేశాడు.

"ఏం చేశారు మేస్త్రీ దీన్ని? ప్రతి బాణమూ ఎడమకే పోతోంది. పన్నెండు వేస్తే పన్నెండూ ఎడమకే!"

"బాణాలేవి?"

"మీ షాపులోవే. యాభై అయిదు విల్లుకి యాభై అయిదు బాణాలు. అంకె చూసే కొన్నా."

మేస్త్రి ఒక బాణం తీసుకుని రెండు చేతులతో వంచి చూశాడు. ఇనప కడ్డీలా ఉంది. విల్లు నెట్టినప్పుడు బాణం కొద్దిగా వంగి, పిడి పక్కగా ఒరుసుకోకుండా తప్పుకుని పోవాలి. నలభై పౌండ్ల విల్లుకు ఇంత మొండి బాణం వంగదు. వంగక, పిడిని గుద్దుకుని ఎడమకు పోతుంది. విల్లులో తప్పు లేదు, బాణంలోనూ లేదు. తప్పల్లా ఆ అంకెలో ఉంది. అది వేయించుకున్న మాస్టారికి అది అబద్ధమని తెలుసు, అయినా దాన్నే నమ్మి బాణాలు కొన్నాడు. తన అబద్ధానికి తానే బోల్తా పడ్డ ఆ మనిషిని చూస్తే నవ్వాలో ఉమ్మాలో మేస్త్రికి అర్థం కాలేదు.

"ఇది నలభై విల్లండీ మాస్టారూ. నలభైకి తగ్గ బాణాలు కొనుక్కోండి."

మాస్టారు కౌంటరు వైపు భయంభయంగా చూశాడు. "మెల్లిగా! నలుగురున్నారక్కడ."

రేపొస్తానని విల్లు అక్కడే వదిలేసి, ఈల సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన చెమట కంపు మాత్రం చాలాసేపు గదిలోనే ఉంది. దానికి తోడు మేస్త్రి తన భుజానికి రాసుకున్న నొప్పి తైలం కంపు. మేస్త్రి కిటికీ తెరిచాడు.

మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్లగానే, తన అన్నం డబ్బా మూత కూడా తీయకుండా మేస్త్రి ఎంపికకు కూర్చున్నాడు. అందరూ చెప్పే సలహా ఒకటే: పాత విల్లునే గీకి బరువు తగ్గించుకోమని. అది ఎంత దండగో ఆయనకు తెలుసు. కాంపౌండరు ఒకాయన అలాగే పట్టుబట్టి అరవైని నలభై చేయించుకున్నాడు. బరువైతే తగ్గింది గానీ, కొయ్య వెడల్పూ బరువూ పాత బలానికి తగ్గట్టే ఉండిపోయాయి. ఉన్న కాస్త బలమూ ఆ కొయ్యను కదపడానికే సరిపోయింది. ఆ విల్లు బాణాన్ని వేసేది కాదు, ఉమ్మేసేది.

బలం తగ్గినప్పుడు ఉన్న బలాన్ని విల్లు తినేయకూడదు. మొత్తం బాణానికే పోవాలి. అద్దాల బీరువాలోంచి యజమాని డబ్బా కొట్టుకునే మెరుపుల విల్లును తీశాడు. పెట్టె మీద 'మహావేగం' అని బంగారు అక్షరాలు. కాటాకు తగిలించి అంగుళం అంగుళం లాగాడు. ఇరవై ఆరు దాకా మెత్తగా వచ్చి, చివరి రెండు అంగుళాల్లో గోడకు తగిలినట్టు బిగుసుకుంది. పైగా రెండు కొనలకూ సోకు కోసం లావుపాటి కొమ్ము తొడుగులు. చేతిలోకి తీసుకుని సగం లాగి వదిలితే ఆ కొనల బరువంతా మణికట్టులోంచి భుజంలోకి తన్నింది. పళ్లు నూరుకుని దాన్ని మళ్లీ బీరువాలో పడేశాడు.

మిగిలింది తానే చేసిన విల్లు. నాలుగు నెలల కింద ఎవరో అమ్మాయి కోసం మొదలుపెట్టాడు. ఆమె రాలేదు. వెనక పల్చటి వెదురు, లోపల గట్టి కొయ్య, నారి దించితే కొనలు కొంచెం ముందుకు చూస్తాయి. కొనలను చిటికెన వేలంత సన్నం చేశాడు, ఇంకొక్క గీకు గీకితే విరుగుతాయేమో అన్నంత. దానికి సన్నటి నారి ఎక్కించి కాటాకు తగిలించాడు. అంగుళానికింత చొప్పున, ఎక్కడా బిగుసుకోకుండా, ఇరవై ఎనిమిది దగ్గర ముల్లు ముప్పై నాలుగు మీద నిలిచింది.

ముప్పై నాలుగు! బడిపిల్లల అంకె. ఆయన ముఖం చిట్లించుకున్నాడు.

పెరట్లో గడ్డి దిమ్మ ఉంది, ముప్పై అడుగుల దూరం. మేకుకు తగిలించిన తన అంబులపొదిలోంచి అలవాటుగా ఒక బాణం లాగి, నారికి తొడిగి, లాగాడు. చేయి దవడ దాటి చెవి దాకా పోయింది. భుజం కటుక్కుమనలేదు. రెండేళ్ల తర్వాత చెవి పక్కన నారి తగిలింది. వదిలాడు.

బాణం ఎడమకు పోయి గోడకు కొట్టుకుంది.

"థూ!" అన్నాడు మేస్త్రి పైకే. అరవై విల్లుకు చేసుకున్న మొండి బాణం అది. పొద్దున మాస్టారిని చూసి అసహ్యించుకున్న నోరే ఇది. చేతికి చిన్న విల్లు వచ్చినా, బుర్రలో ఇంకా పెద్ద అంకే కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు ఊరందరికీ అబద్ధాలు రాసిపెట్టి, చివరికి అందులోనే కాలేశాడు.

లోపలికెళ్లి తేలికపాటి, మెత్తగా వంగే బాణాలు మూడు తెచ్చాడు. మూడూ తిన్నగా పోయి గడ్డి దిమ్మ నడిబొడ్డున, అరచేతితో మూయగలిగినంత చోట దిగాయి. చేతికి తన్ను లేదు, చప్పుడు లేదు. రెండేళ్లుగా సగం లాగి వదులుతున్న అరవై కంటే ఇదే గట్టిగా పోయింది. ఆయన దిమ్మ దాకా నడిచి, బాణాలు ఎంత లోతున దిగాయో వేలితో తడిమి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

తిరిగొచ్చి సిరాబుడ్డి తీశాడు. పిడి పైన, లోపలి వైపు, పొందిగ్గా 34 అని రాశాడు. ఎప్పుడూ అంకెను వార్నిష్ మీద వేస్తారు, రేపు మార్చాలంటే తుడిచేయడానికి వీలుగా. మేస్త్రి ముందు అంకె వేసి, సిరా ఆరాక దాని మీద వార్నిష్ పూశాడు. తర్వాత డ్రిల్లు మాస్టారి విల్లు అందుకుని, యాభై అయిదును తడిగుడ్డతో తుడిచేసి, 40 వేసి, దాని మీదా పూశాడు.

యజమాని పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. మాస్టారి విల్లు చూసి అదిరిపడ్డాడు.

"నా కొంప ముంచుతావా? రేపు ఆయనొచ్చి నా మొహాన కొడతాడు!"

"కొట్టడండీ. బాణాలు తిన్నగా పోతాయి."

"మరి ఇదేంటి? ముప్పై నాలుగా? నీకా? పిచ్చా, వెర్రా? అరవై అని వేసుకో. మైదానంలో కాటా పెట్టి చూసేదెవరు?"

కాండ్రించి, బుట్ట వైపు తిరిగాడు.

"అందులో ఉమ్మకండి" అన్నాడు మేస్త్రి.

యజమాని నోట్లోది నోట్లోనే పెట్టుకుని ఆయన వైపు చూశాడు. చివరికి మింగి, బయటికెళ్లిపోయాడు. అంత అసహ్యంలోనూ మేస్త్రికి నవ్వొచ్చింది. నారి దించి విల్లును మేకుకు తగిలించాడు. వార్నిష్ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. రేపు తీసుకెళ్లవచ్చు, ఎల్లుండి సెలవు.

ఇంకా వెలుగుండగానే ఇల్లు చేరాడు. భార్య గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ముందు ఆ తైలం కడుక్కోండి. దుప్పట్లు కూడా కంపు కొడుతున్నాయి."

"ఇక రాసుకోనులే."

"ఏం, భుజం మార్చుకున్నారా?"

"విల్లు మార్చుకున్నా. ముప్పై నాలుగు."

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "మరి మీ పేరో?"

"నేను పెట్టుకున్నానా ఏంటి? పెట్టినోళ్లే మార్చుకుంటారు. ఎల్లుండి నువ్వూ రావే. నువ్వు కూడా లాగొచ్చు దాన్ని."

"ఈ వయసులో నాకు బాణాలొకటి!" అంటూనే ఆమె టీ పెట్టడానికి లోపలికెళ్లింది. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని, కిటికీ దగ్గర వాలుకుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె టీ తెచ్చేసరికి కుడిచేయి కుర్చీ పక్కకి జారి ఉంది. రెండేళ్లుగా బిగబట్టుకున్న ఆ భుజం వదులుగా, చంటిపిల్లవాడి భుజంలా ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

ఆయన పోయిన అయిదో రోజున ఆమె ఆయన డబ్బా, చొక్కా తీసుకెళ్లడానికి పనిగదికి వచ్చింది. మేస్త్రి విల్లును బల్ల మీద పెట్టుకుని యజమాని తడిగుడ్డతో తోముతున్నాడు. చెక్కపొట్టు బుట్ట మళ్లీ ఉమ్ములతో నిండి ఉంది.

"ఆయన పేరు నిలబెట్టాలి కదమ్మా" అన్నాడు ఆమెను చూసి. "దీన్ని కౌంటరు మీద వేలాడదీసి, అరవై మేస్త్రి విల్లు అని చెబుతాం. అంకె ఒకటి మార్చాలంతే. ఈ పాడు సిరా పోయి చావడం లేదు."

"ఆయన ముప్పై నాలుగు అన్నారు" అంది ఆమె.

"ఏదో పరధ్యానంలో అనుంటాడు."

గుడ్డ వదిలి గోరుతో గీకాడు. గోరు వార్నిష్ మీద జారిపోయింది. ఉమ్ము అద్ది మళ్లీ రుద్దాడు. ఇంకో గీకు గీకితే విల్లు పాడవుతుందని యజమానికీ తెలుసు. విసుక్కుని, విల్లును అంకె కనబడకుండా గోడ వైపు తిప్పి కౌంటరు పైన మేకుకు తగిలించి, వీధిలోంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

ఆమె డబ్బా చంకలో పెట్టుకుని, కౌంటరు దగ్గరికొచ్చి, కొంగుతో ఆ ఉమ్మిని తుడిచి, విల్లును ఇటు తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరగకుండా మెట్లు దిగిపోయింది. మేకు మీద విల్లు ఇంకా కొద్దిగా ఊగుతోంది, వీధిలోంచి చూసినా కనబడేలా, వార్నిష్ కింద 34.