తూకానికి తెచ్చిన గోడ

ఇన్‌స్పెక్టర్ టేపు మూడోసారి లాగాడు. ఈసారీ అదే వచ్చింది. నూట నలభై ఏడు.

"మెట్ల వెడల్పు నూట యాభై ఉండాలమ్మా. మూడు సెంటీమీటర్లు తక్కువ."

 నలభై ఏళ్ళు ఉప్పు నిల్వచేసిన ఆ గోదాము నర్సమ్మది; ఇప్పుడు కింది భాగంలో అద్దెకున్నారు. పై అంతస్తులో డయాలసిస్ కేంద్రం పెట్టాలంటే, గోదాము ఆసుపత్రిగా మారడానికి పనికొస్తుందని కాగితం కావాలి. సాయంత్రం నాలుగింటిలోగా ఆ కాగితం రాకపోతే మంజూరైన ఆరు మిషన్లూ వేరే ఊరికి వెళ్ళిపోతాయి. అవి పోతే ఆమె చెల్లెలు వారానికి మూడుసార్లు, రానూపోనూ ఏడు గంటలు, బస్సులో తిరుగుతూనే ఉండాలి. పోయిన నెల బస్సులోనే రెండుసార్లు స్పృహ తప్పింది. మూడోసారి లేవకపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. స్ట్రెచర్ దిగుతుంటే ఎదురుగా ఇంకో మనిషి ఎక్కగలగాలి, అందుకే ఆ కొలత అని వివరించాడు. తన పొట్ట తడుముకుని, "చట్టం సన్నవాళ్ళ కోసం రాయలేదు మరి," అని నవ్వాడు. గోడల సిమెంటు పూత కాస్త చెక్కించమనీ, మూడున్నరకి మళ్ళీ వచ్చి కొలుస్తాననీ చెప్పి వెళ్ళాడు. అప్పటికి ఒకటిన్నర.

నర్సమ్మ లెక్క వేసుకుంది. పూత వేయకముందు ఈ గోడ నుంచి ఆ గోడకి తనే కొలిచింది. నూట యాభై ఐదు. రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున పూతకి పోయినా నూట యాభై రెండు మిగలాలి. తక్కిన ఐదూ ఎవరు మింగినట్టు?

పూత వేసిన మేస్త్రీ ఎవరో కాదు, చెల్లెలి మొగుడే. పిలిచి అడిగింది.

"కుడి గోడ తూకంలో లేదు వదినా," అన్నాడు మరిది. "దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాను, వాలి ఉంది. తూకానికి తేవాలంటే మందం పెంచక తప్పలేదు."

మేస్త్రీల నోట ఆ మాట కొత్తది కాదు. వంకర గోడని పూతతో నిటారు చేయడం పనితనమే. ఆమె నమ్మేసేది కూడా. కానీ ఉలీ సుత్తీ అందుకోబోతే అతను అడ్డం వచ్చాడు. ఎడమ గోడ చెక్కుదామన్నాడు. ఎడమ గోడకి ఉన్నదే ఒకటిన్నర, మొత్తం ఊడదీసినా చాలదు.

"కుడివైపు ముట్టుకోకు వదినా. నీకు దణ్ణం పెడతాను."

ఆమె దెబ్బ వేసింది. అరచేయంత పెచ్చు ఊడింది. దాని వెనక ఇనుప వల, వల వెనక ఇంకో పొర. అదీ రాలాక గోడలోని స్తంభం బయటపడింది. కాంక్రీటు ఉప్పు పట్టి, గోటితో గీకితే పొడి రాలుతోంది. బొటనవేలంత ఉండాల్సిన చువ్వలు తుప్పు తినేసి పెన్సిళ్ళయ్యాయి. మిద్దె మీది రెండు నీళ్ళ ట్యాంకుల బరువూ ఆ స్తంభం మీదే.

మరిది తలెత్తలేదు. నెల క్రితమే చూశానన్నాడు. స్తంభం మార్చాలంటే ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్ళు తన భార్య ఆగలేదు. అందుకే వల కట్టి, ఎవరి కంటా పడకుండా మందంగా పూసేశాడు. ఆ మందమే ఇవాళ కొలతలో పట్టిచ్చింది.

"ఇప్పటికీ మించిపోలేదు. పల్చగా పూసేస్తాను, గంట చాలు. కొలత సరిపోతుంది." అతను తాపీ చేతిలోకి తీసుకున్నాడు. "దానికేమైనా అయితే నేనేం కావాలి వదినా?"

నర్సమ్మ ఉలి కింద పెట్టింది. వద్దని అనలేదు. సిమెంటు కలపడానికి నీళ్ళు తనే తెచ్చి పోసింది.

మూడున్నరకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నూట యాభై ఒకటిన్నర. సంతోషంగా తలూపి, ఫారం తీసి, పై అంతస్తులో ఒకేసారి ఎంతమంది ఉంటారని అడిగాడు. రాసుకోవడానికి అడిగిన మాటే.

ఆరుగురు అని చెప్పబోయింది. చేతులకి సూదులతో, మిషన్‌కి గొట్టాలతో నాలుగేసి గంటలు కదలకుండా పడుకునే ఆరుగురు. పైకప్పు పగిలిన చప్పుడు వినబడ్డా లేచి పరుగెత్తలేరు. అందులో ఒక మంచం చెల్లెలిది.

ఆమె తడి గోడ మీద చెయ్యి ఆనించి, బలంగా లోపలికి నొక్కింది.

ముద్ద ఊడి మెట్ల మీద పడింది. ఇన్‌స్పెక్టర్ వంగి చువ్వలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పెన్నుకి మూత పెట్టాడు. ఆసుపత్రి సంగతి అలా ఉంచి, కింద అద్దెకున్నవాళ్ళని కూడా ఇవాళే ఖాళీ చేయించాలన్నాడు. ఆమెని తిట్టలేదు. మరిదిని ఏమీ అడగలేదు. అతను అప్పటికే మెట్ల మీద కూలబడ్డాడు.

నాలుగు దాటాక చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏమైందక్కా? కాగితం ఇచ్చారా?"

"లేదే. మిషన్లు రావు."

 మధ్యాహ్నం మా ఆయన అన్నం తిన్నాడా అని అడిగింది చెల్లెలు.